పొట్ట సీటీ తీయించాలంటే: ఏ స్కాన్, ఎంత డోసు, ఎంత స్పష్టత

"ఏవండీ, ఇక్కడున్నది 16 స్లైసులంటండి. రాజమండ్రిలో అయితే 128 అంటండి. కారు మాట్లాడుకుని అక్కడికే తీసుకెళ్లిపోమంటారా?"

డాక్టరుగారు చీటీ మీద సీటీ అబ్డామెన్ అని రాయగానే మన గోదావరి జిల్లాల్లో రోగి తాలూకు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండోది ఖర్చు గురించి. మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "రేడియేషన్ ఎక్కువంటారు కదండీ, పర్వాలేదా?" సీటీ కన్సోల్ ముందు కూర్చునే టెక్నీషియన్‌గా నాకైతే ఈ వరస తిరగబడాలనిపిస్తుంది. పొట్ట వరకు స్లైసుల అంకె, అంటే మిషన్ ఒక్క చుట్టులో ఎన్ని ముక్కల బొమ్మలు తీస్తుందన్నది, దాదాపు ఆఖరున చూడాల్సిన సంగతి. డాక్టరుగారు దేనికోసం వెతుకుతున్నారు, దానికోసం పొట్టని ఎన్నిసార్లు స్కాన్ చేయాలి అన్నవి ముందు తేలాలి. పొట్టని ఒక్కసారి స్కాన్ చేసి ముగించిన పాత మిషన్ కంటే, అవసరం లేకుండా మూడుసార్లు చేసిన కొత్త మిషనే చాలాసార్లు ఎక్కువ రేడియేషన్ ఇస్తుంది.

అంకెలు ఇలా ఉంటాయి

మనిషికి అందిన డోసుని మిల్లీసీవర్ట్‌లలో చెబుతారు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే 0.1, లేదా అంతకన్నా తక్కువ. ఏ స్కానూ తీయించుకోకపోయినా నేల నుంచి, గాలిలోని రేడాన్ నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 అందుతూనే ఉంటుంది. పొట్ట, పొత్తికడుపు కలిపి ఒకసారి సీటీ తీస్తే సుమారు 8. డై (అవయవాలు బొమ్మలో తెల్లగా వెలగడానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు) లేకుండా ఒకసారి, డై ఎక్కించాక మరోసారి తీస్తే 15 దరిదాపు. లివర్ కోసం మూడు దశల్లో తీస్తే 20 దాటొచ్చు. కిడ్నీ రాయి కోసం ప్రత్యేకంగా డోసు తగ్గించి తీసే సీటీ 3 లోపే ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లోనూ ఎంఆర్ఐలోనూ ఈ రేడియేషన్ అసలు ఉండదు.

దీని ప్రమాదం ఎంత? హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవాళ్లని దశాబ్దాలపాటు గమనించి కట్టిన అంచనాల ప్రకారం 10 మిల్లీసీవర్ట్‌ల డోసు 1000 మందికి అందితే, జీవితకాలంలో వాళ్లలో సుమారు ఒకరికి ఆ కారణంగా క్యాన్సర్ రావచ్చు. అదే లెక్క కట్టిన అమెరికా నిపుణుల నివేదికలో ఏ స్కానూ లేకుండానే 1000 మందిలో 420 మందికి ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వస్తుందని ఉంది. పైగా ఇది పెద్ద డోసుల దగ్గర చూసిన ప్రభావాన్ని చిన్న డోసులకి కుదించి వేసిన లెక్క. కాబట్టి "సీటీ తీస్తే క్యాన్సర్ వచ్చేస్తుందంట" అని పేగు చిట్లిన మనిషిని స్కాన్ బల్ల మీంచి దింపుకుపోవడం తెలివైన పని కాదు. గ్యాస్ నొప్పికి "ఎందుకైనా మంచిది, డై ఎక్కించి ఫుల్‌గా తీసెయ్యండి" అనడం కూడా అంతే.

డోసు తగ్గిస్తే బొమ్మకి ఏమవుతుంది

ఎక్స్‌రే కణాలు ఒంట్లోంచి దూసుకెళ్లి అవతలున్న డిటెక్టర్ మీద పడితే బొమ్మ తయారవుతుంది. తొలకరిలో నాలుగు చినుకులు పడినప్పుడు కళ్లంలో ఒకచోట గుంపుగా తడి ఉంటుంది, పక్కనే పొడిగా ఉంటుంది. గట్టి వాన అరగంట కురిస్తే నేలంతా ఒకే రంగుకి వస్తుంది. తక్కువ డోసులో డిటెక్టర్ మీద జరిగేది మొదటిది. ఆ హెచ్చుతగ్గులు బొమ్మ మీద గరుకు చుక్కల్లా కనపడతాయి. మేం దాన్ని నాయిస్ అంటాం.

దీనికొక లెక్క ఉంది. డోసు సగానికి తగ్గిస్తే నాయిస్ సుమారు 40 శాతమే పెరుగుతుంది. అదే నాయిస్‌ని సగానికి దించాలంటే డోసు నాలుగు రెట్లు పెంచాలి. ఒక హద్దు దాటాక నున్నటి బొమ్మ కోసం వెంటపడడం చాలా ఖరీదైన ముచ్చట, ఆ ఖరీదు కట్టేది రోగి ఒళ్లు. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, అడిగిన ప్రశ్నకి జవాబు చెబితే చాలు.

ఎంత నాయిస్ ఉంటే చాలన్నది వెతికే వస్తువుని బట్టి మారుతుంది. సీటీలో ప్రతి పదార్థానికీ ఒక అంకె ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకి మైనస్ 100 దరిదాపు, డై ఎక్కించని లివర్‌కి 50 నుంచి 60. సీటీని కనిపెట్టి 1979లో నోబెల్ పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే వీటిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లంటారు. యూరిక్ యాసిడ్ రాయి 300 నుంచి 500 దాకా ఉంటుంది, కాల్షియం ఆక్సలేట్ రాయి 1000 దాటొచ్చు. చుట్టూ ఉన్న మెత్తటి కండ 40, 50. అంత తేడా ఉన్న రాయి ఎంత గరుకు బొమ్మలోనైనా తెల్లగా మెరుస్తూ కనపడుతుంది. లివర్‌లో చిన్న గడ్డకీ చుట్టూ ఉన్న లివర్‌కీ తేడా ఒక్కోసారి 10, 20 యూనిట్లే. నాయిస్ కాస్త పెరిగితే చాలు, ఆ గడ్డ కనపడకుండా పోతుంది. అది ఉందో లేదో రిపోర్టు రాసే రేడియాలజిస్టుకే తెలీదు, మనకి అసలు తెలీదు.

అందుకే "మా దగ్గర అన్నీ లో డోస్ సీటీలే" అని ఎవరైనా చెబితే నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలుగుతుంది. రాయికీ లివర్‌కీ ఒకే సెట్టింగ్ వాడుతున్నారంటే ఆ రెండిటిలో ఒకటి తప్పు.

కిడ్నీ రాయి అనుకున్నప్పుడు

డెల్టాలో స్కానింగ్ గదికి వచ్చే పొట్టనొప్పుల్లో దీనికి పెద్ద వాటా ఉంటుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఎండాకాలంలో రొయ్యల చెరువు గట్టు మీదో, ఇటుక బట్టీలోనో రోజంతా చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, మూత్రం చిక్కబడి రాళ్లు కట్టడం తెలిసిందే. నడుములో మొదలై గజ్జల్లోకి పొడుచుకొచ్చే నొప్పితో మనిషి మెలికలు తిరిగిపోతూ వస్తాడు. ఎదురుగా నాలుగు దారులుంటాయి: అల్ట్రాసౌండ్, మామూలు ఎక్స్‌రే, లో డోస్ సీటీ, మామూలు డోసు సీటీ.

నా ఓటు మొదట అల్ట్రాసౌండ్‌కే. కిడ్నీలో ఉన్న రాయి, కిడ్నీ వాపు, మూత్రాశయం నిండుగా ఉంటే దాని ముఖద్వారం దగ్గర ఇరుక్కున్న రాయి, వీటిని బాగా పట్టుకుంటుంది. మధ్యలో మూత్రనాళంలో ఉన్న రాయిని పేగుల్లోని గాలి కమ్మేస్తుంది, అక్కడ దాని బలహీనత. అయినా మొదటి అడుగుగా అది చాలని చెప్పడానికి మంచి ఆధారమే ఉంది. 2014లో అమెరికాలో అత్యవసర విభాగాలకి రాయి అనుమానంతో వచ్చిన 2,700 పైచిలుకు మందిని కొందరికి ముందు అల్ట్రాసౌండ్, కొందరికి ముందు సీటీ అని విడదీసి చూశారు. ప్రమాదకరమైన జబ్బుని గుర్తించకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందుల్లో రెండు వైపులా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టినవాళ్లకి మొత్తం మీద అందిన రేడియేషన్ మాత్రం తగ్గింది.

అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ వాచి ఉంది, రాయి మాత్రం దొరకలేదు. లేదా నొప్పి తగ్గడం లేదు, ఆపరేషన్ ఆలోచన ఉంది. అప్పుడు సీటీ కావాలి. డై అక్కర్లేదు. బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 30 లోపు ఉన్న మనిషికి లో డోస్ సరిపోతుంది. అలాంటివాళ్లలో 3 మిల్లీమీటర్లు దాటిన మూత్రనాళపు రాళ్లన్నిటినీ అది పట్టుకుందని, అంతకన్నా చిన్నవాటిలో 86 శాతం పట్టుకుందని యూరప్ యూరాలజీ మార్గదర్శకాల్లో ఉంది. తప్పిపోయే ఆ చిన్న రాళ్లు ఎక్కువభాగం మూత్రంలో వాటంతటవే పడిపోయేవే, కాబట్టి ఈ బేరం నాకు బాగానే కనిపిస్తుంది. భారీ మనిషికి మాత్రం లో డోస్ అని పట్టుబట్టకండి. కొవ్వూ కండా దాటి డిటెక్టర్‌కి చేరే కణాలు అసలే తక్కువ, అందులో ఇంకా కోస్తే బొమ్మ పనికిరాక మళ్లీ తీయాల్సి వస్తుంది. రెండుసార్లు తీసిన లో డోస్‌లో లో డోస్ ఏముంది?

మామూలు ఎక్స్‌రే మొదటిసారి వెతకడానికి బలహీనమైనది, యూరిక్ యాసిడ్ రాళ్లు అందులో కనపడవు కూడా. కానీ ఒక చిట్కా ఉంది. సీటీలో అసలు స్కాన్‌కి ముందు నిలువుగా ఒక బొమ్మ తీస్తాం, స్కౌట్ అంటారు. మీ రాయి ఆ స్కౌట్‌లో కనపడిందేమో రేడియాలజిస్టుని అడగండి. కనపడితే, రాయి కిందికి జారిందా లేదా అని తర్వాత చూడడానికి ఎక్స్‌రే చాలు, నెలకొక సీటీ అక్కర్లేదు.

ఒక్క సందర్భంలో ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. రాయి నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా అది ఆ రోజే ఆసుపత్రిలో చూడాల్సిన విషయం. ఏది దొరికితే ఆ స్కాన్ తీయించండి.

కుడి డొక్కలో నొప్పి, కామెర్లు

ఇక్కడ చాలామంది తలకిందులుగా ఎంచుకుంటారు. సీటీ పెద్ద పరీక్ష కాబట్టి గాల్‌బ్లాడర్ రాళ్లు అందులో ఇంకా బాగా తెలుస్తాయనుకుంటారు. కొలెస్ట్రాల్ రాళ్లలో చాలావాటి అంకె పసరు అంకెతో కలిసిపోతుంది. సీటీలో అవి కనపడనే కనపడవు. వేలల్లో ఖర్చు పెట్టి తీయించిన సీటీలో "రాళ్లు లేవు" అని వచ్చి, వీధి చివర అల్ట్రాసౌండ్‌లో గుప్పెడు రాళ్లు బయటపడడం మా వృత్తిలో కొత్త సంగతి కాదు. గాల్‌బ్లాడర్‌కి అల్ట్రాసౌండే పెద్దది. ఖాళీ కడుపుతో వెళ్లాలి, అంతే. పసరు నాళంలో రాయి ఇరుక్కుని కామెర్లు వచ్చాయేమో అనుకుంటే తర్వాతి మెట్టు ఎంఆర్‌సీపీ, అంటే ఎంఆర్ఐ మిషన్‌లో తీసేది. రేడియేషన్ లేదు, డై కూడా అక్కర్లేదు.

పాంక్రియాస్ వాపుకి ఏ స్కాన్ అన్నదానికంటే ఏ రోజు తీయాలన్నది ముందు తేల్చుకోవాలి. నొప్పి తీరు అలాగే ఉండి, రక్తంలో పాంక్రియాస్ ఎంజైములైన లైపేజ్ గానీ అమైలేజ్ గానీ మామూలు హద్దుకి మూడు రెట్లు దాటితే జబ్బు ఏమిటో తేలిపోయినట్టే. అప్పుడు మొదటి రోజే సీటీ తీయిస్తే పాంక్రియాస్ ఎంత మేర చచ్చిపోయిందన్నది సరిగా తెలీదు. నొప్పి మొదలైన 72 నుంచి 96 గంటల తర్వాత డై ఎక్కించి తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. తొందరపడి తీస్తే అదీ ఇదీ రెండూ తీయాలి. జబ్బు ఇదో కాదో తెలియనప్పుడు, పేగు చిట్లిందేమోనని అనుమానం ఉన్నప్పుడు మాత్రం వెంటనే తీస్తారు. అది వేరే లెక్క.

అపెండిక్స్

పిల్లలకీ సన్నగా ఉన్న యువతులకీ ముందు అల్ట్రాసౌండ్ చేయించాలి. తేలకపోతే డై ఎక్కించి ఒక్క దశ సీటీ. ఇక్కడా డోసు బాగా తగ్గించవచ్చని 2012లో దక్షిణ కొరియాలో 891 మంది యువ రోగుల మీద జరిగిన పరిశోధన చూపించింది. మామూలుగా 8 మిల్లీసీవర్ట్‌ల దరిదాపు ఉండేదాన్ని 2 దరిదాపుకి దించారు. అపెండిక్స్ బాగానే ఉన్నా పొరపాటున ఆపరేషన్ చేసిన సందర్భాలు లో డోస్‌లో 3.5 శాతం, మామూలు డోసులో 3.2 శాతం. తేడా లేనట్టే.

ఒక వింత సంగతి. బొమ్మ చదవడానికి లావుగా ఉన్నవాళ్లదే కష్టం అనుకుంటాం. నాయిస్ వరకు అది నిజమే. కానీ పేగులకి చుట్టూ ఉండే కొవ్వు నల్లటి గీతలా ఒక్కో అవయవాన్నీ విడదీసి చూపిస్తుంది. ఎండుకట్టెలా ఉండే కూలిమనిషి పొట్టలో పేగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయినట్టు ఉండి అపెండిక్స్ ఎక్కడుందో వెతకడమే కష్టమవుతుంది. అలాంటివాళ్లకి డై లేకుండా తీసిన సీటీ తరచూ అరకొర జవాబే ఇస్తుంది.

లివర్: ఇక్కడ పిసినారితనం వద్దు

హెపటైటిస్ బి, సి వల్లో మద్యం వల్లో లివర్ గట్టిపడినవాళ్లకి అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనపడితే, అది క్యాన్సరా కాదా అని తేల్చేది ఆ గడ్డ డైని ఎప్పుడు పీల్చి ఎప్పుడు వదిలేస్తుంది అన్న తీరు. డై ఎక్కించిన సుమారు 35 సెకన్లకి ధమని దశ, 70 సెకన్ల దగ్గర పోర్టల్ దశ, మూడు నుంచి ఐదు నిమిషాలకి ఆలస్య దశ. లివర్ క్యాన్సర్ మొదటి దశలో తెల్లగా వెలిగి తర్వాతి దశల్లో చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. ఒక్క దశ కోసేసినా ఆ కథ తెగిపోతుంది. ఇక్కడ మూడుసార్లు తీయడం వృథా కాదు. ఒక దశే తీసి "అనుమానంగా ఉంది, మళ్లీ మూడు దశల్లో తీయించండి" అని రిపోర్టు రావడమే అసలు వృథా. డబ్బూ వీలూ ఉంటే డైతో ఎంఆర్ఐ ఇంకా మెరుగు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూపించుకోవాల్సిన వయసులో ఉన్నవాళ్లకి అది ఆలోచించదగ్గదే.

అంతుచిక్కని పొట్టనొప్పి, పేగులో చీము, క్యాన్సర్ మందులు వాడుతున్నప్పుడు చూసే ఫాలోఅప్, వీటికి చాలావరకు పోర్టల్ దశ ఒక్కటే చాలు. అయినా అలవాటుగా ముందు ప్లెయిన్ (డై లేనిది) ఒకటి తీసి, తర్వాత డైతో తీసేచోట్లు ఉన్నాయి. డోసు అక్కడే రెట్టింపవుతుంది. "ప్లెయిన్ కూడా కావాలాండీ, డైతో ఒక్కటి చాలదా?" అని రాసిన డాక్టరుగారినే మర్యాదగా అడగండి. కారణం ఉంటే చెబుతారు. రక్తస్రావం, రాయి, అడ్రినల్ గ్రంథి మీద గడ్డ లాంటివి ఉంటే ప్లెయిన్‌కి కారణం ఉన్నట్టే. నా ఉద్దేశంలో రోగి వైపునుంచి డోసు తగ్గించగల ప్రశ్నల్లో ఇంతకు మించినది లేదు.

ఇక మిషన్ సంగతి

16 స్లైసుల మిషన్ పొట్టంతటినీ ఒక్క ఊపిరి బిగింపులో తీసేస్తుంది. 64, 128 అంటే ఇంకా తొందరగా అవుతుంది. ఊపిరి ఆపలేని ముసలివాళ్లకి, కదిలే పిల్లలకి, గుండె రక్తనాళాల సీటీకి ఆ వేగం నిజంగా పనికొస్తుంది. పొట్టలో రాయికో చీముకో అయితే కోనసీమ నుంచి కాకినాడో రాజమండ్రో వెళ్లేంత తేడా రాదు.

అడగాల్సింది మరోటి ఉంది. మనిషి ఒంటి మందాన్ని బట్టి ఎక్స్‌రే ట్యూబ్ కరెంటుని తనంతట తానే తగ్గించి పెంచే ఏర్పాటు ఇప్పుడు దాదాపు అన్ని మిషన్లలో ఉంటుంది. సీమెన్స్‌లో కేర్ డోస్, ఫిలిప్స్‌లో డోస్‌రైట్ అని ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. అది వాడుతున్నారా? తక్కువ డోసులో వచ్చిన గరుకు బొమ్మని కంప్యూటర్ లెక్కలతో శుభ్రం చేసే ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ ఉందా? అది ఉంటే డోసు చెప్పుకోదగ్గంత తగ్గించవచ్చు. అయితే దానికీ ఒక గుణం ఉంది. గట్టిగా వాడితే బొమ్మ మైనం పూసినట్టు నున్నగా అవుతుంది, లివర్‌లో తేడా తక్కువున్న గడ్డలు ఆ నునుపులో చెరిగిపోవచ్చు. కృత్రిమ మేధతో పనిచేసే కొత్త పద్ధతులు 2019 నుంచి మార్కెట్లోకి వచ్చాయి. బొమ్మ సహజంగా ఉంటుంది, కానీ ఈ జాగ్రత్త వాటికీ వర్తిస్తుంది.

సన్నటి మనిషికి డై ఎక్కించి తీసేటప్పుడు ట్యూబ్ వోల్టేజిని మామూలు 120 కిలోవోల్టుల బదులు 100కి దించితే డోసు తగ్గుతుంది, పైగా డైలోని అయోడిన్ ఇంకా తెల్లగా మెరుస్తుంది. రెండు వైపులా లాభం ఉన్న అరుదైన సందర్భం ఇది. లావుగా ఉన్నవాళ్లకి ఈ ఎత్తు పారదు.

సెంటర్‌కి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్స్ ఉందా అని కూడా చూడండి. దేశంలో ఏ సీటీ మిషన్‌నైనా నడపాలంటే ఆ లైసెన్స్ ఉండి తీరాలి.

ఎంత డోసు ఇచ్చారో చూడటం

స్కాన్ అయ్యాక మిషన్ తనంతట తానే ఒక డోసు పేజీ తయారుచేస్తుంది. సీడీలో అది ఉంటుంది. లేకపోతే అడిగి తీసుకోండి. అందులో డీఎల్‌పీ (స్కాన్ చేసిన పొడుగంతటికీ కలిపి మిషన్ ఇచ్చిన డోసు) అనే అంకె ఒక్కో దశకీ విడిగా ఉండి, కింద మొత్తం ఉంటుంది. పెద్దవాళ్ల పొట్ట సీటీకి ఆ మొత్తాన్ని 0.015తో గుణిస్తే సుమారుగా మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. డీఎల్‌పీ 500 అంటే 7.5. రెండు వరసలుండాల్సిన చోట నాలుగు వరసలు కనపడితే అడగడానికి అదే ఆధారం. పక్కన సీటీడీఐ అని ఇంకో అంకె ఉంటుంది, స్కాన్ ఎంత పొడుగున్నా ఒక్కో ముక్కకి మిషన్ ఎంత డోసు ఇస్తోందో అది చెబుతుంది, మిల్లీగ్రేలలో. మామూలు ఒడ్డుపొడుగు ఉన్న పెద్దవాళ్లకి పొట్ట సీటీలో అది తరచూ 25 మిల్లీగ్రేలు దాటుతోందంటే సెట్టింగులు ఒకసారి చూసుకోవాలని అమెరికా రేడియాలజీ సంస్థ హద్దు పెట్టింది. కానీ మీ అంకెనీ మీ బావగారి అంకెనీ పక్కపక్కన పెట్టి తగువు పడకండి. భారీ మనిషికి ఎక్కువ రావడం న్యాయమే.

బల్ల మీద మీ చేతిలో ఉన్నవి

చేతులు తలపైకి ఎత్తి పెట్టుకోవాలి. పక్కన ఉంచితే వాటి ఎముకలు దారికి అడ్డొచ్చి డోసు పెరుగుతుంది, బొమ్మలో గీతలు పడతాయి. భుజం నొప్పి ఉంటే ముందే చెప్పండి, దిండు సర్దుతాం. బల్ల మధ్యలో నిటారుగా పడుకోమనడం కూడా చాదస్తం కాదు. మనిషి పక్కకో కిందికో ఉంటే ఆటోమేటిక్ కరెంటు లెక్క తప్పుతుంది. ఊపిరి బిగించమన్నప్పుడు బిగించండి, కదిలితే మళ్లీ తీయాలి.

వెండి మొలతాడు, దానికున్న తాయెత్తు, పిన్నీసులు, జేబులో తాళాలు అన్నీ ముందే తీసేయండి. లోహం చుట్టూ తెల్లటి చారలు వచ్చి సరిగ్గా చూడాల్సిన చోటే కప్పేస్తాయి. మంగళసూత్రం తీయడం ఇష్టంలేని ఆడవాళ్లు దాన్ని మెడ దగ్గరికి జరిపి ఉంచితే చాలు. అంతకుముందు వారంలో బేరియం తాగించి ఎక్స్‌రే తీసి ఉంటే చెప్పాలి, పేగుల్లో మిగిలిన బేరియం కూడా అలాంటి చారలే తెస్తుంది.

డై ఎక్కించాలంటే క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు దగ్గరుంచుకోండి. గతంలో డైకి ఒళ్లంతా దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ముందే చెప్పాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లే దాన్ని 48 గంటలు ఆపాల్సి ఉంటుంది. అందరూ ఆపక్కర్లేదు. డై ఎక్కుతున్నప్పుడు ఒళ్లంతా వేడిగా, మూత్రం వచ్చేసినట్టుగా అనిపించడం మామూలే, టెన్షన్ పడి కదలకండి.

పిల్లలు, గర్భిణులు

పిల్లల కణాలు వేగంగా విభజన చెందుతాయి, ముందు బతకాల్సిన కాలమూ ఎక్కువ. అదే డోసు వాళ్లకి ఎక్కువ ప్రమాదం. అల్ట్రాసౌండ్‌తో తేలే అవకాశం ఉన్నంతవరకు సీటీ వైపు వెళ్లకూడదు. వెళ్లక తప్పకపోతే "పిల్లల సెట్టింగ్ పెడుతున్నారా?" అని అడగండి. ఐదేళ్ల పిల్లకి పెద్దవాళ్ల సెట్టింగ్ వాడటానికి ఏ సాకూ పనికిరాదు. దెబ్బలు తగిలిన పిల్లకి డైతో ఒక్క దశ చాలు.

గర్భిణికి ముందు అల్ట్రాసౌండ్, తర్వాత డై లేని ఎంఆర్ఐ. ప్రాణం మీదికి వస్తే సీటీ కూడా తీస్తారు. పొట్ట సీటీలో బిడ్డకి అందేది సాధారణంగా 10 నుంచి 25 మిల్లీగ్రేలు, బిడ్డకి అవకరాలు వస్తాయని భయపడే స్థాయి 50కి పైనే ఉంటుంది. గర్భం అని తెలియక సీటీ తీయించుకున్నామని అబార్షన్‌కి పరుగెత్తేవాళ్లు ముందు ఆ డోసు పేజీతో డాక్టరుగారిని కలవాలి.

పొట్టమీద లెడ్ దుప్పటి కప్పమని కొందరు గొడవ పెడతారు. స్కాన్ చేసే భాగంలోనే అది ఉంటే ఆటోమేటిక్ కరెంటు దాన్ని దళసరి ఒళ్లు అనుకుని డోసు పెంచేస్తుంది. వద్దు.

సీడీ తీసుకెళ్లండి

అమలాపురంలో తీసిన సీటీ కాకినాడ వెళ్లేసరికి "బొమ్మ సరిగా లేదు, మళ్లీ తీయాలి" అనిపించుకోవడం తరచూ జరుగుతుంది. సగం సందర్భాల్లో బొమ్మకి ఏమీ కాదు, తీసుకెళ్లింది ఫిల్ములు కావడమే తప్పు. ఫిల్ము మీద 5 మిల్లీమీటర్ల మందం ముక్కలు కొన్ని మాత్రమే అచ్చువేస్తారు, వెలుతురు మార్చి చూసే వీలుండదు. సీడీలో ఒక మిల్లీమీటరు పల్చటి ముక్కలు కూడా వేయమని స్కాన్ రోజే అడగండి. పల్చటి ముక్కలో నాయిస్ ఎక్కువగా కనపడుతుంది, చూసే డాక్టరు వాటిని కలిపి మందంగా చేసుకుంటారు. మందంగా అచ్చువేసినదాన్ని మళ్లీ పల్చగా కోయలేరు. సీడీ అక్కడే ఒక కంప్యూటర్‌లో తెరిపించి చూసి తీసుకోండి. కిటికీ దగ్గర ఫిల్ము పట్టుకుని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టిన బొమ్మ మీద ఏ రేడియాలజిస్టూ 15 యూనిట్ల తేడా ఉన్న గడ్డ గురించి మాట చెప్పలేరు. చివరికి "ఇక్కడికొచ్చి ఇంకోసారి తీయించండి" అనాల్సి వస్తుంది, దాంతో ఇంకో 8 మిల్లీసీవర్ట్‌లు.